మంచు గుంటలో హీరోయిన్ గొంతు

నమోదు 418

గాలి మధ్యస్థం. ఏరియల్ మీద దుమ్ము దులిపాను. రేడియో గది గాలి జల్లెడలు విప్పి కడిగి ఆరబెట్టాను. ఉదయం జట్టు నీళ్ళకి మంచు తవ్వడానికి గుంటకి బయల్దేరింది. మేస్త్రీ ఓబులమ్మ.

భూమి నుంచి వచ్చిన ఓడ వాళ్ళు బిగించి వెళ్ళిన కొత్త పెట్టెను ఈ రోజు మొదటిసారి వాడాం. బయట దుమ్ము గాలి లేస్తే హెల్మెట్ రేడియోలో మాట ముక్కలై వస్తుంది. ఆ ముక్కల మధ్య ఖాళీలను పెట్టె పూడ్చి, నిండు మాటగా వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ సగం వినీ సగం ఊహించుకునీ పని జరుపుకున్నాం. ఇక ఆ అవస్థ లేదు.

గుంట చేరగానే పిలుపు వచ్చింది.

"చిదంబరన్నా, వినపడతాందా? మేం చేరినాం. టీ తాగినావా?"

మాటలు ఓబులమ్మవి. గొంతు పద్మాసనిది.

ఆమె మళ్ళీ అడిగింది. తాగానని చెప్పాను. తాగలేదు.

పద్మాసని నా భార్య. పోయిన దుమ్ముకాలంలో చనిపోయింది.

నమోదు 419

కారణం తెలిసిందే. రాసిపెడుతున్నాను.

పెట్టెకి నేర్పడానికి తెలుగు మాటలు కావాలని ఓడ వాళ్ళు అడిగారు. ఎంత ఎక్కువుంటే అంత మేలన్నారు. గూట్లో, అంటే మా ఊళ్ళో, అంత తెలుగు దొరికేది డబ్బింగ్ గదిలోనే. నేనే తీసిచ్చాను.

భూమి నుంచి ఓడలో వచ్చే సినిమాల్లో తెలుగువి తక్కువ. ఏ భాషవి వచ్చినా ఇక్కడ తెలుగు గొంతులు పెట్టి, శనివారం సాయంత్రం భోజనశాల గోడ మీద వేస్తాం. ఇక్కడ పుట్టిన పిల్లలకి భూమి అంటే ఆ గోడే. హీరోలందరికీ బడిపంతులు సుంకన్న చెప్పేవాడు. తర్వాత ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళందరికీ పద్మాసని చెప్పేది. శబ్దం పని నాది.

ఆమె అసలు గొంతు బొంగురు. పెళ్ళిచూపుల్లో నోరు తెరవగానే మా పెద్దమ్మ ఉలిక్కిపడింది. సినిమా కమిటీ మొదటి రోజే చెప్పింది, హీరోయిన్ గొంతు అలా ఉండదని. సన్నగా, ముద్దుగా, కోపం వచ్చినా చిన్నపిల్ల అలిగినట్టు ఉండాలన్నారు. పద్మాసని ఆ గొంతు తయారు చేసుకుంది. డాక్టరైనా, దొంగైనా, రాణైనా అదే గొంతు. తల్లి పాత్రలకి ఇంకొకటి చేసుకుంది, వణికేది.

"ఒకటి పద్దెనిమిదేళ్ళ దానికి, ఒకటి అరవై ఏళ్ళ దానికి. మధ్యలో వాళ్ళంతా సినిమాల్లో ఏమైపోతారండీ?" అని ఒకసారి అడిగింది. అప్పటికి ఆమెకి నలభై.

పెట్టె ఈ సినిమాలు విని ఆడదాని మాట ఎలా ఉంటుందో నేర్చుకుంది. ఆడవాళ్ళు ఎవరు మాట్లాడినా ఆ మాటను అలా సరిచేసి పంపిస్తోంది.

లోపం ఇది. ఓడకి ఇంకా తెలియజేయలేదు.

నమోదు 426

గాలి ఎక్కువ. పెట్టె బాగా పనిచేస్తోంది. ఒక్క మాట పోలేదు.

భోజనశాలలో దీని గురించే నవ్వులు. మగవాళ్ళ గొంతులన్నీ సుంకన్న గొంతులై వస్తున్నాయి, గర్జించినట్టు. వంటాయన మద్దిలేటి మంచుబండి తేవడానికి బయటికి వెళ్ళాడు. మద్దిలేటిది పిచ్చుక గొంతు. వరండా దాటితే కాళ్ళు వణికే మనిషి. రేడియోలో అతని మాట పిడుగు పడినట్టు వచ్చింది.

"ఉప్పు అయిపోయింది. ఎవరైనా గోదాం తాళాలు తెచ్చిపెట్టండి."

భోజనశాల మొత్తం చప్పట్లు కొట్టింది. మద్దిలేటి లోపలికొచ్చి హెల్మెట్ తీసి, ఏమైందని అడిగాడు. చెప్పారు. సిగ్గుపడ్డాడు. సాయంత్రం మళ్ళీ ఏదో వంకతో బయటికి వెళ్ళొచ్చాడు.

నేను ఈ మధ్య పగలంతా రేడియో గదిలోనే ఉంటున్నాను. నా వంతు కానప్పుడు కూడా. సినిమాల్లో ఆ గొంతు ఎవరెవరినో పిలుస్తుంది. ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. తిన్నావా అని అడుగుతుంది.

నమోదు 431

ఓబులమ్మ పని దిగి నేరుగా నా గదికొచ్చింది. హెల్మెట్ చంకలో ఉంది. కూర్చోలేదు.

"అన్నా, ఆ పెట్టెకేమైనా మందుందా?"

"ఏమైంది?"

"నా మాట నా మాట కాకుండా పోయిందన్నా. గుంట అంచు కాడ మంచు పెళపెళమంటాంటే, ఎనక్కి రాండని అరిసినా. యాడ? ఒగడూ కదల్లా. దస్తగిరి, 'ఇంగోసారి అనక్కా, శానా బాగుంది' అంటాడు. నేనేమన్నా పాట పాడినానా?"

"మరి వచ్చారా?"

"దగ్గరికి పొయ్యి, హెల్మెట్ మీద గుద్దితే వచ్చినారు." ఆమె గొంతు తగ్గించింది. "నాకు తెలుసన్నా అది ఎవరి గొంతో. గూట్లో అందరికీ తెలుసు. నీ మొగం చూసి ఎవరూ అనడం ల్యా. వదిన గొంతంటే నాకూ ఇష్టమే. ఆయమ్మ సినిమాలో ఏడిస్తే నేనూ ఏడ్చినదాన్నే. కానీ ఆ గొంతేసుకోని మంచు తవ్వలేమన్నా."

ఓడకి రాస్తానని చెప్పాను.

నమోదు 432

ఓడకి రాయలేదు.

నమోదు 437

గాలి లేదు. జల్లెడలు కడిగాను.

ఓబులమ్మ కూతురు చౌడేశ్వరి వరండాలో ఆడుకుంటోంది. ఏడేళ్ళది. గిన్నె బోర్లించి నెత్తిన పెట్టుకుంది. అదే హెల్మెట్. తల్లి ఆట. మామూలుగా ఆ పిల్లది తల్లి గొంతే, గరగరలాడుతుంది. గిన్నె పెట్టుకోగానే గొంతు సన్నగా చేసి, మెడ ఒకవైపుకి వంచి, "వెనక్కి రండీ... ప్లీజ్" అంటోంది.

"అమ్మ అలా మాట్లాడదు కదా?" అన్నాను.

"ఇంట్లో మాట్లాడదు తాతా. హెల్మెట్ పెట్టుకుంటే ఆడోళ్ళు ఇట్లే మాట్లాడాల కదా."

అలా అని ఎవరు చెప్పారని అడిగాను. నాకేమీ తెలియదన్నట్టు చూసింది.

"సినిమాలో చూళ్ళేదా?"

నమోదు 440

మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా లేచింది. గుంటలో ఓబులమ్మ, దస్తగిరి మాత్రమే ఉన్నారు. మిగతా జట్టు బండితో వచ్చేసి భోజనశాలలో తింటోంది. అక్కడి స్పీకరు నా రేడియోకే కలిపి ఉంటుంది.

మొదట దస్తగిరి. "కాలు మంచు కింద ఇరుక్కుంది. నాకు భయంగా ఉంది. ఎవరన్నా రాండి." నిదానంగా, బరువుగా, చివర చిన్న నవ్వు ఉన్నట్టుగా వచ్చింది. హీరో గొంతు వణకదు. భోజనశాలలో ఈలలు వేయడం గోడ ఇవతలికి వినిపించింది. "ఏం చెప్పినాడురా" అని ఎవరో అన్నారు.

తర్వాత ఓబులమ్మ. "మీరు నగుతాంటారని తెలుసు, నగొద్దండి. వాని కాలు నలిగిపోతాంది. గడ్డపారలు తీసుకోని రాండి." అలిగిన పిల్ల గోముగా అడిగినట్టు వచ్చింది. మళ్ళీ నవ్వులు.

ఆమె అదే మాట ఇంకొకసారి చెప్పింది. ఇంకొకసారి.

నేను మైకు ముందే ఉన్నాను. మాట వినలేదు. గొంతు విన్నాను.

నాకు తట్టింది ఊపిరి వల్ల. పద్మాసని పెద్ద వాక్యం చెప్పే ముందు ముక్కుతో ఊపిరి పీల్చేది. నేను ఆ చప్పుడు కత్తిరించేవాణ్ణి. పెట్టె గొంతుకి ఊపిరే లేదు. మూడోసారి వింటున్నప్పుడు ఆ సంగతి గమనించాను. అప్పుడు, మాట్లాడుతున్నది బతికున్న ఇంకో మనిషి అని గుర్తొచ్చింది. గంట కొట్టాను. భోజనశాలకి పరుగెత్తాను. జట్టు వెళ్ళింది.

వాళ్ళు చేరేసరికి ఓబులమ్మ ఒక్కతే అతన్ని సగం బయటికి లాగింది.

నమోదు 441

దస్తగిరి కుడికాలి వేళ్ళు కొన్ని తీసేశారు. మంచుకి కమిలిపోయాయి. కాలు దక్కింది.

వైద్యశాలకి వెళ్ళాను. మంచం పక్కన ఓబులమ్మ ఉంది. చేతులకి కట్లు.

"సారూ, నేనట్ల చెప్పలేదు," అన్నాడు దస్తగిరి. "నేను ఏడ్చినా. నిజంగా ఏడ్చినా సార్. వాళ్ళకి వినపళ్ళేదంట."

"పెట్టె మొగోళ్ళ ఏడుపు కూడా తీసేస్తాది రా," అంది ఓబులమ్మ. "నాకు సిగ్గు నేర్పిస్తాది, నీకు మీసం పెడతాది."

దస్తగిరి నవ్వబోయి, నొప్పికి ఆపుకున్నాడు. ఓబులమ్మ నావైపు చూడలేదు. ఓడకి రాశావా అని అడగలేదు. అడిగితే బాగుండేది.

గదికొచ్చి ఓడకి రాశాను.

నమోదు 444

జవాబు వచ్చింది. పెట్టెను తీసేస్తే దుమ్ముకాలంలో అసలేమీ వినపడదు. కాబట్టి మళ్ళీ నేర్పాలి. గూటి మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటలు రికార్డు చేసి పెట్టాలి. అవి ఎక్కాలంటే పెట్టెలో పాతవి పూర్తిగా చెరపాలి. రెండూ కలిపి ఉంచడం కుదరదు.

మూడుసార్లు చదివాను. ఇంకో అర్థం లేదు.

నమోదు 445

డబ్బింగ్ గది తాళం తీశాను. పద్మాసని పోయాక తీయలేదు. మైకు మీద దుమ్ము. ఆమె జీలకర్ర నీళ్ళ ఫ్లాస్కు స్టూలు మీదే ఉంది. దాన్ని కదపకుండా తుడిచాను.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మామూలుగా మాట్లాడమన్నాను. మైకు ముందు నిలబడగానే అందరూ మారిపోయారు. నర్సమ్మ పైట సర్దుకుంది. కూరగాయల గదిలో పనిచేసే ఆమె చిన్నపిల్ల అయిపోయింది. చివరికి ఓబులమ్మ. జట్టుని తిట్టే మనిషి. లైటు వెలగగానే, "నమస్కారమండీ, నా పేరు ఓబులమ్మ అండీ" అంది, సన్నగా, సినిమాలోలా.

రికార్డయింది వినిపించాను. ఆమె తలపట్టుకుంది.

"ఇదేందన్నా. మైకు ముందర నా గొంతు నాకే దొరకడం ల్యా."

మగవాళ్ళూ అంతే. మద్దిలేటి ఛాతీ విరిచి ఉప్పు గురించి గర్జించాడు. ఆ గొంతు ఈసారి పెట్టె ఇచ్చింది కాదు. అతనే చేశాడు.

ఇవే ఇస్తే పెట్టె మళ్ళీ అదే నేర్చుకుంటుంది.

నమోదు 446

గూట్లో ఒకే ఒక ఆడమనిషి మైకు ముందు మామూలుగా మాట్లాడింది, ఏళ్ళ తరబడి.

డబ్బింగుకి సినిమాను చిన్న చిన్న ముక్కలు చేసుకుంటాం. ముక్కని లూప్ అంటాం. ప్రతి లూప్ ముందు పద్మాసని దాని నంబరు చెప్పేది, సొంత గొంతుతో. తర్వాత హీరోయిన్. అది అవగానే, "ఆపారా?" అని అడిగేది. "ఆపాను" అనేవాణ్ణి. ఆపేవాణ్ణి కాదు. ఆమెకీ తెలుసు. అయినా అడిగేది. ఆ తర్వాత నోటికొచ్చింది మాట్లాడేది. సినిమాకి అక్కర్లేని ఆ కొసలన్నీ కత్తిరించి, ఒకచోట అతికించి ఉంచాను. ఆమె పోయాక వినలేదు.

ఈ రోజు సాయంత్రం ఆడవాళ్ళందరినీ గదిలో కూర్చోబెట్టాను. మద్దిలేటి టీ పంపాడు. దస్తగిరిని కుర్చీలో తెచ్చారు. టేపు పెట్టాను.

"లూప్ పన్నెండు," అంది పద్మాసని. బొంగురుగా. ఆ గొంతు వాళ్ళలో చాలామందికి తెలియదు. ఆమె బయట తక్కువ మాట్లాడేది.

తర్వాత హీరోయిన్, సన్నగా: "మీరు లేకపోతే నేను బతకలేను."

తర్వాత: "ఆపారా? ... ఈ పిల్ల డాక్టరీ చదివింది కదండీ. నిన్నటి లూప్‌లో గుండె కోసి కుట్టింది. ఇవాళ అతను పలకరించలేదని ఊపిరాడటం లేదు. నాకేం అర్థం కావడం లేదు. ఏడవమంటే ఏడుస్తున్నాను. నీళ్ళు ఇటివ్వండి."

మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత గదంతా.

"లూప్ ముప్పై. ... ఆపారా? చెంపదెబ్బ కొట్టాడు, నేను 'క్షమించండి' అనాలా? తప్పు వాడిదండీ. సరే, రాసింది అదే కదా. ఇంకోసారి చెప్తాను. మీరు మాత్రం ఇది చూసి ఇంట్లో నేర్చుకోకండి." తర్వాత నా నవ్వు. నా నవ్వు అందులో ఉందని మర్చిపోయాను.

"వదినా, క్షమించండి అని ఎందుకన్నావు, వాని చెయ్యి ఇరగ్గొట్టకుండా?" ఓబులమ్మ అంది, టేపుతో.

"కొట్టినోడు హీరో కదక్కా," అంది నర్సమ్మ. "విలన్ కొట్టింటే ఇరగ్గొట్టొచ్చు."

"మా ఆయన పెండ్లైన కొత్తల్లో నన్ను అట్లే అలగమనేవాడు. నాకు రాకపాయ. అలిగి అన్నం మానుకుంటే ఆకలైతాది కదప్పా," అంది కూరగాయల గది ఆమె.

"నువ్వు అలిగినావంటే వంటగది మూసుకోవాల," అంది ఓబులమ్మ.

ఇలా సాగింది. టేపు ఆపినా ఆగలేదు. సినిమాల మీద నుంచి మొగుళ్ళ మీదికి, గుంట మీదికి, మోకాళ్ళ నొప్పుల మీదికి వెళ్ళింది. ఒకరి మాట మీద ఒకరు. అరుపులు, దగ్గులు, నవ్వులు. మధ్యలో దస్తగిరి అన్నాడు.

"అక్కా, నాకు ఆ పొద్దు శానా భయమేసింది. మా అమ్మని పిలిసినా."

సన్నని గొంతు. కొసన విరిగింది. ఎవరూ నవ్వలేదు. ఓబులమ్మ కట్టు ఉన్న చేత్తోనే అతని తల నిమిరింది. "నాకూ ఏసింది రా. నేను తిడతా ఉన్న్యా కాబట్టి తెలీలేదు."

అప్పుడు ఓబులమ్మ నావైపు తిరిగింది.

"అన్నా, మైకు ఆపినావా?"

"ఆపాను," అన్నాను.

ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఆమె దాన్ని చూసింది. నన్ను చూసింది. తర్వాత అందరికీ చెప్పాను, ఇష్టం లేనివాళ్ళ మాటలు తీసేస్తానని. కూరగాయల గది ఆమె తన మొగుడి సంగతి ఒక్కటి తీసేయమంది. మిగతాది ఉంచమన్నారు.

పద్మాసని లూప్‌ల కొసల్లో కొన్ని వాళ్ళకి వినిపించలేదు. అవి నాతో అన్నవి. ఇక్కడా రాయను.

నమోదు 448

చెరపడం ఉదయానికి పెట్టుకున్నాను. ఉదయం అయింది. జట్టు బయల్దేరింది. గాలి తక్కువే కాబట్టి సాయంత్రం దాకా ఆగవచ్చు. ఆగాను.

పగలంతా పాత పెట్టెతోనే. ఓబులమ్మకి ఈ రోజు చెరుపుతానని తెలుసు. మామూలుగా కంటే ఎక్కువసార్లు పిలిచింది. అవసరం లేకపోయినా.

"చిదంబరన్నా, గాలెట్లుంది?"

"తక్కువే."

"చిదంబరన్నా, టీ తాగినావా?"

"తాగాను." ఈసారి నిజంగా తాగాను.

"చిదంబరన్నా." చెప్పమన్నాను. "ఏం లేదు. ఊరికే పిలిసినా."

ఆ గొంతు నన్ను అలా పిలవడం అదే చివరిసారి. ఆమె నా కోసమే పిలిచింది. మరో మనిషి కష్టపడి పంపిన మాట అది. ఈసారి మాట కూడా విన్నాను.

జట్టు లోపలికి వచ్చాక చెరిపాను. ఎక్కువ సేపు పట్టలేదు. కొత్తవి ఎక్కించాను. అందులో ఆడవాళ్ళ మాటలతో, దస్తగిరి మాటలతో పాటు పద్మాసని లూప్ నంబర్లూ, నీళ్ళు అడగడాలూ, సినిమా తిట్లూ ఉన్నాయి. ఆమె గొంతు ఇక రేడియోలో విడిగా వినపడదు. పెట్టె దాని నుంచి, ఆడమనిషి గొంతు ఇలా కూడా ఉంటుందని నేర్చుకుంటుంది. అంతే.

నమోదు 449

గాలి ఎక్కువ. జల్లెడలు కడిగాను. ఏరియల్ సరిచూశాను.

గుంట నుంచి పిలుపు వచ్చింది. "అన్నా, వినపడతాందా?" గరగర. ముందు ముక్కుతో ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వచ్చింది. కత్తిరించాల్సిన పని లేదు.

"వినపడుతోంది ఓబులమ్మా."

"నా మాదిరే ఉందా?"

"నీ మాదిరే ఉంది. కొంచెం జలుబు చేసినట్టుంది."

"చేసింది లే."

మధ్యాహ్నం మంచు అంచు మళ్ళీ చప్పుడు చేసింది. "ఎనక్కి రాండి," అంది ఓబులమ్మ. ఒక్కసారే. అందరూ వెనక్కి వచ్చారు. తర్వాత అంచు విరిగి పడింది. కింద ఎవరూ లేరు.

మద్దిలేటి బయటికి వెళ్ళి, తాళాలు మర్చిపోయానని పిచ్చుక గొంతుతో చెప్పాడు. భోజనశాలలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరు లేచి తాళాలు తీసుకెళ్ళి ఇచ్చారు.

నమోదు 453

శనివారం. సినిమా వేశాం, పాతది. హీరోయిన్ ఏడుస్తుంటే వెనక వరుసలోంచి నర్సమ్మ, "ఆపారా?" అంది. గోడ ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. మగవాళ్ళకి ఎందుకో తెలియలేదు. దస్తగిరికి తెలుసు.

వచ్చే ఓడలో వచ్చే సినిమాలకి ఓబులమ్మ గొంతు ఇస్తానంది. కమిటీ వాళ్ళు, ఆ గొంతు హీరోయిన్‌కి సరిపోదన్నారు. హీరోయిన్‌ని మార్చుకోండని ఆమె చెప్పింది. మాట ఇంకా నడుస్తోంది.

గది మూసి వస్తుంటే వరండాలో చౌడేశ్వరి అడ్డం నిలబడింది. నెత్తిన గిన్నె. రెండు చేతులూ నడుం మీద.

"ఎనక్కి జరుగు తాతా. మంచు ఇరుగుతాంది."

తల్లి గొంతు. తన గొంతే.

వెనక్కి జరిగాను. ఆ పిల్ల నన్ను దాటుకుని, ఎవరినో కాపాడటానికి పరుగెత్తింది.

డబ్బింగ్ గదికి వెళ్ళాను. వాళ్ళకి వినిపించని టేపుల్లో చివరిది పెట్టాను. లూప్ నలభై ఒకటి. హీరోయిన్ మాట ఒకటి. తర్వాత ఆమె గొంతు, బొంగురుగా, అలసిపోయి.

"ఆపారా?"

ఆపాను, పద్మా.